మా మనుమరాలి కేకు, నా అరెకరం జొన్న



ఈసారి రాసేది కాంటాల ఆలస్యం గురించి కాదు, దోమపోటు మందు గురించి కాదు. బిస్కెట్ల గురించి, కేకు గురించి. నేరేడుచర్లల యాభై దాటిన రైతు కేకు గురించి రాసుడేందని నవ్వుకునేటోళ్ళు నవ్వుకోండి. కానీ చివరిదాకా చదవండి, పొలం ముచ్చట కూడా ఉన్నది. పొడుగు పోస్టే, నీళ్ళు కట్టుకుంట ఒడ్డు మీద కూసున్నప్పుడు చదవండి.

మా పెద్దబిడ్డ కూతురికి ఏడేండ్లు. వాళ్ళు హైదరాబాదుల ఉంటరు. పిల్లకు నాలుగో ఏడు వచ్చిందగ్గర నుంచి ఎదుగుడు ఆగింది. పొట్ట ఉబ్బి ఉంటది, చేతులు కాళ్ళు పుల్లల లెక్క. వారంల నాలుగు రోజులు విరేచనాలు. నులిపురుగులు అని మందు పోసిన్రు. రక్తం తక్కువున్నదని ఐరన్ టానిక్ తాపిన్రు, పడలే. దిష్టి తగిలిందని మా ఇంటామె ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలేసింది. రెండేండ్ల కింద ఒక పిల్లల డాక్టరు టీటీజీ అనే రక్తపరీక్ష రాసిండు. దాంట్ల తేడా వస్తే, నోట్లె నుంచి సన్న కెమెరా గొట్టం పంపి చిన్నపేగులకెల్లి చిటికెడు ముక్క తీసి చూసిన్రు. సీలియాక్ జబ్బు అని తేల్చిన్రు. దీనికి మందు లేదు, గోధుమ బంద్ చేసుడే మందు, అదీ బతికినన్ని రోజులు అన్నరు.

ఈ జబ్బు గోధుమ రొట్టెలు ఎక్కువ తినే ఉత్తరాది దిక్కు ఎక్కువ కనపడతది. మన దిక్కు తక్కువ, అందుకే మనోళ్ళకు ఇది తట్టదు. గోధుమల, బార్లీల, రై అనే ధాన్యంల గ్లూటెన్ అని ఒక జిగురు మాంసకృత్తు ఉంటది. ఈ జబ్బు ఉన్నోళ్ళ ఒళ్ళు దాన్ని శత్రువు అనుకొని కొట్లాడతది. ఆ కొట్లాటల పేగు లోపలి పొర అరిగిపోతది. తిన్నది ఒంటికి పట్టాల్సింది ఆ పొర నుంచే. కాలువ తూములు పూడిపోతే పై నుంచి ఎన్ని నీళ్ళు ఇడిసినా మడికి పారుతయా? అట్లనే.

దీన్ని గోధుమ మీద పెట్టి గట్టిగ చెప్పింది హాలండ్ దేశపు పిల్లల డాక్టరు, పేరు విల్లెం డిక్కె. రెండో ప్రపంచ యుద్ధం ఆఖరుకు, 1944-45 చలికాలంల ఆ దేశంల తిండికి కరువొచ్చింది, బ్రెడ్డు దొరకలే. దేశమంతా ఆకలితో అల్లాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నరు. మళ్ళా బ్రెడ్డు వచ్చినంక మళ్ళా పడ్డరు. ఆయనకు అంతకుముందు నుంచే గోధుమ మీద అనుమానం ఉండె, 1950ల దాని మీదనే పెద్ద పరిశోధన గ్రంథం రాసి ఇచ్చిండు. కరువుల కూడా కనిపెట్టేటోని కన్ను కనిపెడతది.

ఇంకో మాట ఇక్కడనే చెప్పాలె. ఇది చదివి మా పిల్లగానికి కూడా కడుపు నొస్తది, గోధుమ బంద్ పెడతం అనకండి. పరీక్షకు ముందే గోధుమ మానిపిస్తే రక్తపరీక్షల జబ్బు కనపడదు. ముందు పరీక్ష, తర్వాతనే మానుడు. జబ్బు లేనోళ్ళల్ల చాలామందికి గోధుమతో వచ్చే బాధ ఏం లేదు. ఈ మధ్య ఫోన్లల్ల గోధుమ విషం అని తిప్పుతున్నరు, అదంతా ఉత్తదే.

సరే, గోధుమ బంద్ అంటే మనకేం బాధ, మనం అన్నం తినేటోళ్ళమే కదా అని నేను కూడా ఇంట్ల అందరికీ ధైర్యం చెప్పిన. మనది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు, పక్కనే మిర్యాలగూడ, అడుగుకో రైస్ మిల్లు. బియ్యానికి కొదువనా? అన్నం, ఇడ్లీ, దోశ, పులిహోర, సకినాలు, అరిసెలు, అన్నిట్లా బియ్యమే. బియ్యంల గ్లూటెన్ లేదు. ఇంట్ల తిన్నన్ని రోజులు పిల్లకు ఏ తిప్పలూ లేదు. తిప్పలల్లా బడిల. పక్క పిల్లలు బిస్కెట్లు తింటరు, బ్రెడ్డు జాము తింటరు, నెలకు రెండు పుట్టినరోజులు, ప్రతిదానికి కేకు. బయట దొరికే ఉస్మానియా బిస్కెట్టు కానీ, బన్ను కానీ, పఫ్ కానీ అంతా మైదానే. మైదా అంటే గోధుమే. పిల్ల తినకుండ చూసుకుంట కూసునుడు నేర్చుకుంది. ఏడేండ్ల పిల్ల అది నేర్చుకోవాల్సిందేనా అనిపిస్తది నాకు.

మా అల్లుడు హైదరాబాదుల పెద్ద దుకాణంల గ్లూటెన్ లేని బిస్కెట్లు అని ప్యాకెట్లు తెచ్చిండు. ధర చూస్తే కళ్ళు తిరిగినయ్. డబ్బా వెనుక చదివితే బియ్యపు పిండి, మక్క గంజిపొడి, చక్కెర, నూనె. అంతే. మా వడ్లు మా దగ్గర కొని, పిండి చేసి, రంగు డబ్బాల పెట్టి మాకే అమ్ముతున్నరని మా ఇంటామె అన్నది. పిల్లకు ఆహారం రాసిచ్చే మేడం ఇంకో మాట చెప్పింది. ఈ జబ్బు ఉన్నోళ్ళు గోధుమ మాని మూడు పూటలా బియ్యం మీదనే పడతరు, మళ్ళా చిరుతిండి కూడా బియ్యపు పిండే. పాలిష్ బియ్యంల పీచు ఉండదు, ఇనుము తక్కువ. పిల్ల అసలే రక్తం లేక ఉన్నది. అన్నం ఎట్లా తింటది కాబట్టి బిస్కెట్టు, కేకు, బ్రెడ్డు లాంటివన్నా బియ్యపు పిండి లేకుండ జొన్న, రాగి, సజ్జ, పప్పులతో చేసి పెట్టమన్నది.

ఇది విని మా ఇంటామె ఎందుకు చెవులు రిక్కించిందంటే ఆమెకు చక్కెర జబ్బు. ఆమెకు ఆరేండ్ల నుంచి డాక్టరు అన్నం తగ్గించమంటున్నడు, చపాతీ తినమంటున్నడు. ఇప్పుడు ఇంట్ల చపాతీ పిండి పెట్టాలంటే మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు భయం. అందుకే ఇద్దరికీ కలిసొచ్చే దారి ఒకటే కనపడ్డది: గోధుమా వద్దు, బియ్యమూ వద్దు. అయితే జొన్నంటే చక్కెర జబ్బుకు మంత్రం అనుకోకండి. అది కూడా పిండి పదార్థమే, నాలుగు రొట్టెలు తింటే నాలుగు రొట్టెల చక్కెర ఎక్కుతది. పీచు ఉంటది కాబట్టి కొంచెం నిదానంగ ఎక్కుతది, అంతే తేడా.

ఇంక అసలు పని. గోధుమ పిండికి ఉన్న బలమేందో ముందు చూడండి. ఇంట్ల గోధుమ పిండి ముద్ద చేసి, నల్లా నీళ్ళ కింద పట్టి పిసుకుతా ఉంటే తెల్లనీళ్ళన్నీ కారిపోయి ఆఖరికి రబ్బరు లెక్క సాగే ముద్ద మిగులుతది. అదే గ్లూటెన్. కేకుల, బ్రెడ్డుల పొంగు వచ్చినప్పుడు ఆ గాలి బుడగల్ని సంచి లెక్క పట్టి ఉంచేది అదే. జొన్నపిండికి ఆ సంచి లేదు. గాలి పుట్టినా నిలబడదు. అందుకే జొన్నపిండితో మామూలు కేకు లెక్క చేస్తే పొంగి కూలుద్ది, ముట్టుకుంటే రాలుద్ది. పిండి తప్పు కాదు, దాని గుణమే అది.

కానీ మన అవ్వలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. జొన్నరొట్టెకు చల్లనీళ్ళు పోసి ఎవరన్నా పిసుకుతరా? ఎసరు మరిగించి పోస్తరు. వేడికి పిండి సగం ఉడికి గంజి అయితది, ఆ గంజే జిగురు. అప్పుడే చేత్తోని కొట్టితే అంచు పగలకుండ రొట్టె పెద్దగయితది. మా అవ్వ కొట్టే రొట్టె పొయ్యి మీద బూరె లెక్క పొంగేది. గ్లూటెన్ లేకుండ పొంగించే విద్య అది, దానికి ఇప్పుడు ఇంగ్లీషు పేర్లు పెట్టి వీడియోలు చేస్తున్నరు.

మా బిడ్డ, మా ఇంటామె కలిసి ఏడాది పొడుగున చేసిన వాటిల్ల నిలబడ్డవి చెప్తా. ముందు బిస్కెట్టు, ఎందుకంటే బిస్కెట్టుకు పొంగు అక్కర లేదు, రాలకుండ ఉంటే చాలు. జొన్నపిండి 200 గ్రాములు సన్న జల్లెడ పట్టి, సన్న మంట మీద పచ్చి వాసన పోయేదాకా వేయించాలె. చల్లారినంక వేయించి దంచిన నువ్వుల పొడి 50 గ్రాములు, బెల్లం పొడి 80, నెయ్యి 90, రెండు యాలకులు, చిటికెడు ఉప్పు. నెయ్యి, బెల్లం ముందు బాగా గిలకొట్టి అందుల పిండి కలపాలె. ముద్ద కాకపోతే రెండు మూడు చెంచాల పాలు. తర్వాత ఇరవై నిముషాలు మూతపెట్టి పక్కన పెట్టాలె. ఈ ఆగుడు దగ్గరనే అంతా ఉంది. జొన్న పలుకు నీళ్ళు నిదానంగ పీలుస్తది, ఆగకుండ కాలిస్తే పంటి కింద ఇసుక తగిలినట్టు ఉంటది. 160 డిగ్రీల మీద ఇరవై నిముషాలు. తీసిన వెంటనే మెత్తగ ఉంటయ్, ముట్టుకోవద్దు, చల్లారినంక కరకర అంటయ్. మా ఇంటామె తినేటివి వేరేగ చేస్తది, బెల్లం సగానికి తగ్గించి పల్లీల పొడి పెంచుతది.

ఓవెన్ లేదంటరా? మాకు కూడా మొదట లేదు. మందపాటి పెద్ద గిన్నెల రెండు వేళ్ళ మందం ఇసుక పోసి, మధ్యల చిన్న స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిముషాలు కాగనిచ్చి ఆ మీద పళ్ళెం పెట్టినం. పల్లీలు వేయించే బట్టీ సూత్రమే. తర్వాత అల్లుడు చిన్న కరెంటు ఓవెన్ తెచ్చిండు. ఊళ్ళె బేకరీ పొయ్యిల కాల్చి ఇస్తమన్నరు, మంచి మనసుతోనే అన్నరు, కానీ అక్కడ గాలిల కూడా మైదా ఉంటది. వద్దన్నం.

కేకుకు జిగురు కావాలె కాబట్టి మూడు రకాల జిగురు పెట్టినం. గుడ్లు మూడు. ఒక చెంచా ఇసబ్‌గోల్ పొట్టు, మలబద్ధకానికి మందుల షాపుల అమ్ముతరు కదా, అదే. నీళ్ళు తగిలితే జెల్లీ లెక్క అయితది. మూడోది మినప్పిండి. ఇడ్లీ ఎందుకు పొంగుతది? బియ్యం రవ్వకు అంత బలం లేదు, మినపపప్పు రుబ్బితే వచ్చే నురగ, బంక గాలిని పట్టి ఉంచుతది. గారె చూడండి, ఒక్క మినపపప్పే, ఏ పిండీ కలపకుండ పొంగుతలేదా? అందుకని జొన్నపిండి 120 గ్రాములు, రాగిపిండి 40, మెత్తటి మినప్పిండి 40. బెల్లం 130, చిన్న గ్లాసు పెరుగు, 80 మిల్లీలీటర్ల నూనె, బాగా మాగిన అరటిపండు ఒకటి. కలిపి అరగంట ఆపి, ఆఖరికి అర చెంచా తినేసోడా వేసి గబగబ గిన్నెల పోసి 170 డిగ్రీల మీద నలభై నిముషాలు. సోడా పెరుగు పులుపుకు పొంగుతది కాబట్టి వేసినంక ముచ్చట్లు పెట్టొద్దు. రంగు నల్లగ వస్తది రాగి వల్ల, చాక్లెట్ కేకు అని చెప్తే పిల్లలు నమ్ముతరు. మినప్పిండి ఇంతకన్నా ఎక్కువ వేస్తే గారె వాసన వస్తది, తీపిల అది బాగుండదు.

బ్రెడ్డు మాత్రం కష్టం. చాలాసార్లు చేసినంక వచ్చిన తీరు ఇది: పిండిల మూడో వంతు మీద రొట్టెకు పోసినట్టు మరుగునీళ్ళు పోసి కలిపి చల్లారనియ్యాలె. మిగిలిన పిండి, నానిన ఇసబ్‌గోల్, ఈస్టు, కొంచెం బెల్లం నీళ్ళు అందుల కలపాలె. చపాతీ ముద్ద లెక్క కాదు, వడపిండి లెక్క జారుడుగ ఉండాలె. గోధుమ బ్రెడ్డు రెండుసార్లు పొంగిస్తరు, దీన్ని ఒక్కసారే పొంగించాలె, రెండోసారి లేచే శక్తి దానికి ఉండదు. కాలినంక పూర్తిగ చల్లారేదాకా కోయొద్దు, వేడి మీద కోస్తే లోపల బంకబంక. దుకాణం బ్రెడ్డు అంత మెత్తగ రాదు, వస్తదని ఎవరన్నా చెప్తే నమ్మకండి. కానీ పెనం మీద నెయ్యేసి కాలిస్తే మంచిగుంటది. పిల్ల డబ్బాల పెట్టుకొని పోతది.

జొన్నపిండి పదిహేను రోజులకు మించి నిలువ పెట్టొద్దు. సజ్జపిండి అయితే వారానికే చేదెక్కుతది, దాంట్ల నూనె ఎక్కువ. పట్టిచ్చుకున్నకాడికి వాడుకోవాలె.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద సంగతి, పిండి గిర్ని. మొన్నటి ఏడాది ఎండకాలం సెలవులకు పిల్ల వచ్చింది. జొన్నలు చెరిగి గిర్నిల పట్టిచ్చుకొచ్చినం. ఆ పిండితో చేసిన బిస్కెట్లు తిన్న రెండు రోజులకు పిల్లకు మళ్ళా కడుపు ఉబ్బింది, విరేచనాలు పట్టినయ్. ఏం తిన్నదని లెక్క తీస్తే అన్నీ ఇంట్లయే. గిర్నిల అంతకుముందు ఎవరో గోధుమలు పట్టిచ్చుకున్నరు. రాళ్ళ మధ్య, గొట్టంల, డబ్బాల మిగిలిన గోధుమ పిండి మన జొన్నపిండిల కలిసింది. గిర్ని ఆయన తప్పు కాదు, అందరికీ ఒక్క గిర్నే. మనదేశంల ఆహార భద్రత సంస్థ గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటొద్దని పెట్టింది. 20 మిల్లీగ్రాములంటే చిటికెల పట్టదు. గిర్నిల మిగిలేది దానికి ఎన్ని రెట్లు ఉంటదో మీరే అనుకోండి.

ఆ రోజు నుంచి మా అవ్వ కాలం నాటి ఇసుర్రాయి గోడ పక్క నుంచి తీసి కడిగినం. ఆ రాయి జన్మల గోధుమ చూడలే. జొన్నలు, కందులు, పెసర్లు, అంతే. ఊళ్ళె గోధుమ పిండి తినుడు మొదలయ్యేసరికి అది మూలకు పడ్డది. దాంతోని కిలో పిండి ఇసరాలంటే గంట పైన పట్టింది, మా ఇంటామె భుజాలు పడిపోయినయ్. నేను ఇసిరిన, పక్కింటోళ్ళు ఫోటో కూడా తీసిన్రు. వారం ఇసిరి, ఇంట్ల పెట్టుకునే చిన్న పిండి మిషను కొన్నం. దాంట్ల గోధుమ గింజ వేస్తే ఊరుకునేది లేదని ఇంటామె దానికి గుడ్డ కప్పి పెట్టింది.

గిర్ని ఒక్కటే కాదు. బజారు ఇంగువ పొడిల మైదా కలుపుతరు, డబ్బా వెనుక చదవండి. అంటే బయట పులిహోర కూడా అడిగి తినాల్సిందే. ఉప్మా రవ్వ, సేమియా గోధుమయే. పాలల్ల కలిపే మాల్ట్ పొడులల్ల బార్లీ ఉంటది. గుళ్ళె ఇచ్చే రవ్వ కేసరి చేతుల పెడితే వద్దనలేక పిల్ల నా దిక్కు చూస్తది. నేను తీసుకొని కళ్ళకద్దుకొని తింట, దేవుడు ఏమనుకోడు.

ఇక్కడి నుంచి పొలం ముచ్చట.

దుకాణంల కొన్న జొన్నల్ల కూడా అక్కడక్కడ గోధుమ గింజలు తగిలినయ్. ఒక్కటే కాంట, ఒక్కటే చాట, ఒక్కటే గోనెసంచి. చాటల పోసి ఒక్కో గింజ ఏరుకునుడు. అప్పుడు నాకు తట్టింది. మన మండలంల గోధుమ పండదు. మన పొలంల, మన కల్లంల, మన హార్వెస్టరుల గోధుమ గింజ అనేది ఉండనే ఉండదు. అంటే ఇక్కడ పండి, ఇక్కడనే ఎండి, ఇంట్ల పిండి అయిన జొన్నకు గోధుమ తగిలే దారే లేదు. ఉత్తరాదిల ఎంత పెద్ద కంపెనీ అయినా దీనికోసం పెట్టాల్సిన జాగ్రత్త మనకు పుట్టుకతోనే ఉన్నది. కానీ పండిచ్చేటోడేడి?

మా నాయిన చెప్పేటోడు, కాలువ రాకముందు ఇక్కడ జొన్న, సజ్జ, ఆముదం, కంది. చెరువు కిందోళ్ళకే వరి. పండగకే బియ్యపన్నం, మిగిలిన రోజులు గటక, రొట్టె, అంబలి. సాగర్‌కు నెహ్రూ గారు పునాది రాయి వేసింది 1955 డిసెంబరుల, ఇందిరమ్మ కాలువలకు నీళ్ళు ఇడిసింది 1967 ఆగస్టుల. మన లాల్ బహదూర్ కాలువ పారినంక చెలకలన్నీ మడులయినయ్. నేను పుట్టేసరికే జొన్న ఓడిపోతున్నది. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినంక జొన్నరొట్టె తినుడు పేదరికం గుర్తు అయింది. మొన్న 2025 ఉగాదికి రేషన్ సన్నబియ్యం పథకం మన హుజూర్‌నగర్‌లనే మొదలుపెట్టిన్రు, జనం సంబురపడ్డరు, నేను కూడా పడ్డ. ఆకలి తెలిసినోడు అన్నాన్ని తిట్టడు. వరి మనల్ని మనుషుల్ని చేసింది. కానీ ఊరి మొత్తం మీద చారెడు జొన్నలు దొరకకుండ పోవుడు మంచిగనిపించలే.

అటు జహీరాబాద్ దిక్కు చూడండి. పస్తాపూర్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు, ఎక్కువమంది దళిత ఆడోళ్ళు, ఎర్ర చెలకల్ల ఇరవై రకాల దాకా కలిపి పండించి విత్తనం ఇండ్లల్ల దాచుకున్నరు. 2019ల వాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నరు. మన రాజేంద్రనగర్ల చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది, అది ముందు జొన్న పరిశోధన సంస్థే. జొన్న రవ్వ, సేమియా, బిస్కెట్లు చేసే పద్ధతులు అక్కడ తయారు చేసి నేర్పుతరు. సభల్ల, వేదికల మీద జొన్న గొప్పతనం బానే వినిపిస్తది, చెలకల మాత్రం కనపడదు.

పోయిన యాసంగి చెలక దిక్కున్న అరెకరంల తెల్లజొన్న పెట్టిన. రెండు కిలోల విత్తనం, సాలుకు సాలుకు మధ్య మూరెడు. మొవ్వు ఈగకు భయపడి అక్టోబరు మొదట్లనే వేసిన. రెండు మూడు తడులు చాలు. వరికి పెట్టే నీళ్ళల్ల సగం కూడా పట్టలే. పైరు మంచిగ లేచింది. కంకి పాలు పోసుకునేదాకా అంతా బాగుంది. తర్వాత వచ్చినయ్ పిట్టలు. చుట్టూ మైళ్ళ కొద్దీ వరినారు, మధ్యల అరెకరం జొన్న. నేరేడుచర్ల నుంచి పాలకీడు దాకా ఉన్న రామచిలుకలన్నిటికీ, గిజిగాళ్ళకు, పిచ్చుకలకు నేను పిలిచి పెండ్లి భోజనం పెట్టినట్టయింది. మెరిసే రిబ్బన్లు కట్టిన, నాలుగు రోజులు భయపడ్డయ్, ఐదో రోజు రిబ్బను మీదనే కూసున్నయ్. మంచె వేసి డబ్బా కొట్టిన. మా తమ్ముని కొడుకు వడిసెల తిప్పబోతే రాయి వెనక్కి పోయింది, ఆ విద్య మా తరంతోనే పోయింది. ఆఖరికి మూడు క్వింటాళ్ళు చేతికొచ్చినయ్. పిట్టలకు పోయింది అంతకు తక్కువ ఉండదు.

పైసల లెక్క కూడా నిజమే చెప్తా, దాచుడెందుకు. 2025-26కు మద్దతు ధర వరికి మామూలు రకం 2369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3699, మాల్దండికి 3749. క్వింటాలు మీద జొన్నదే పైచేయి. కానీ ఎకరానికి దిగుబడి కలిపితే, సన్నాలకు 500 బోనసు కూడా కలిపితే, నీళ్ళున్న భూమిల వరే గెలుస్తది. అందుకే మడులు మానుకొని జొన్న పెట్టండి అని చెప్పేంత తెలివితక్కువ మాట నేను అనను. నేను చెప్పేది కాలువ చివరి భూములు, మెట్ట చెలకలు, యాసంగికి తడి అందని మూలల గురించి. సాగర్ల నీళ్ళు లేక యాసంగి బీడు పెట్టుకునుడు మనకు కొత్త కాదు కదా. గుంటూరు జిల్లా డెల్టాల వరి కోసినంక దున్నకుండనే జొన్న గింజ పెట్టి మంచి దిగుబడి తీస్తున్నరు, అక్కడి నేల పదును వేరనుకోండి. చొప్ప లాభం వేరే. వరిగడ్డి పెట్టే బర్రెకు జొన్న చొప్ప పెట్టి చూడండి, పాల గిన్నె చెప్తది. ఒక్క జాగ్రత్త, పూతకు రాని లేత జొన్న, నీళ్ళు లేక వాడిపోయిన జొన్న పశువులకు మేపొద్దు. నాము కట్టి అక్కడికక్కడే పడిపోతయ్. మన పెద్దోళ్ళకు తెలిసిన సంగతే, ఇప్పటి పిల్లగాండ్లకు తెల్వదు.

ఇంకొకటి, మహిళా సంఘాలల్ల ఇది చదివి బిస్కెట్లు చేసి అమ్ముదమనుకునేటోళ్ళకు. చేయండి, జొన్న బిస్కెట్టు అని అమ్మండి. గ్లూటెన్ లేదని మాత్రం ల్యాబుల పరీక్ష చేయించకుండ, లైసెన్సు లేకుండ ప్యాకెట్ మీద రాయకండి. మా పిల్ల లాంటోళ్ళు ఆ ఒక్క మాట నమ్మి తింటరు.

పిల్ల ఇప్పుడు మంచిగున్నది. ఏడాదిల నాలుగు కిలోలు పెరిగింది, బుగ్గలకు రంగు వచ్చింది. మొన్న పుట్టినరోజుకు జొన్న, రాగి కేకు పెట్టి బడికి పంపినం. మధ్యల కొంచెం కుంగింది, ఆ గుంతల మా బిడ్డ దానిమ్మ గింజలు పోసింది. తరగతిల పిల్లలందరూ తిన్నరట. పక్క పిల్ల మీ అమ్మ ఎక్కడ కొన్నదని అడిగితే మా తాత పొలంల పండింది అన్నదట. ఆ మాట మా బిడ్డ ఫోన్ల చెప్పిందగ్గర నుంచి నాకు ఈ పోస్టు రాయాలనిపిస్తున్నది.

మూడు క్వింటాళ్ళు పిల్లకు, మా ఇంటికి సరిపోను మిగిలినయ్, అడిగినోళ్ళకు ఇచ్చిన. ఈ యాసంగికి మళ్ళా పెడత. కానీ అరెకరం ఒక్కటే పెడితే మళ్ళా పిట్టలకే. ఒక్క పట్టీల పదెకరాలు ఉంటే పిట్టలు ఎంత తిన్నా తలా కొంచెమే పోతది, కావలి కూడా వంతులేసుకోవచ్చు. మా చెలక పక్క భూములున్న అన్నలు, తమ్ముళ్ళు, మీరు ఎట్లాగూ ఆ మూలలు బీడే పెడుతున్నరు. తలా పది గుంటలు పెట్టినా సరే. విత్తనం రకాల గురించి గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం పోయి నేనే అడిగొస్త, తెచ్చుడు కూడా నాదే. సెప్టెంబరు దాటకముందు మాట చెప్పండి, అక్టోబరు మొదటి వారంల విత్తనం పడాలె. మీ ఇంట్ల వడిసెల తిప్పొచ్చిన ముసలాయన ఎవరన్నా ఉంటే ఆయన పేరు ముందు చెప్పండి, కావలి రోజులల్ల ఛాయ, జొన్న బిస్కెట్లు మా ఇంటి నుంచి.